లెక్క పుస్తకం చేతులు మారిన కథ

ఈ నివేదిక ముందు పేజీల్లో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, తిరిగి కట్టింది ఎంత అన్న పట్టికలన్నీ ఉన్నాయి. ఆ అంకెలు ఎవరో ఒకరు రాస్తేనే అక్కడికి వచ్చాయి. సంఘం మీటింగులో చాప మీద కూర్చుని రాసినామె, గ్రామ సంఘంలో దాన్ని సరిచూసినామె, ట్యాబ్‌లో ఎక్కించినామె, వీళ్ల పని ఏ పట్టికలోనూ కనపడదు. ఈ వ్యాసం ఆ పని గురించే. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని ఎన్నిసార్లు మారింది, మారినప్పుడల్లా మనవాళ్లు ఎందుకు జంకారు, ఆ జంకు ఎట్లా పోయింది అన్నది ఒకసారి వెనక్కి చూసుకుందాం.

ఇప్పుడే ఎందుకంటే, ఈమధ్య ఏ గ్రామ సంఘం మీటింగుకి వెళ్లినా ఒకటే మాట వినపడుతోంది. "ఇన్నాళ్లూ పుస్తకాలు రాసి ఒక దారికొచ్చాం. ఇప్పుడు యాప్ అంటున్నారు. ఇంటరు చదివిన పిల్లలు టకటకా కొట్టేస్తున్నారు. ఇక మాతో పనేముందమ్మా?" ఇరవై ఏళ్లు లెడ్జరు రాసిన మనిషి నోట ఈ మాట రావడం చిన్న విషయం కాదు. ఆమె పక్కకు తప్పుకుంటే ఆమెకు తెలిసిన లెక్క కూడా ఆమెతోపాటే పోతుంది.

వేలిముద్ర రోజులు

డ్వాక్రా అన్న మాట మన ఊళ్లలో ఇంకా పోలేదు. పథకాల పేర్లు ఎన్ని మారినా, మీటింగుకి నడిచిపోతుంటే "డ్వాక్రా ఆడోళ్లు పోతున్నారు" అనే అంటారు. ఆ పథకం 1982లో దేశం మొత్తం మీద 50 జిల్లాల్లో మొదలైంది. మన వైపు శ్రీకాకుళం, కడప, ఆదిలాబాద్ జిల్లాల్లో ముందు పెట్టారు. అప్పట్లో గ్రూపు అంటే ప్రభుత్వం ఇచ్చే డబ్బు కోసం పదిహేను ఇరవై పేర్లు ఒక కాగితం మీదికి ఎక్కడం. ఆ కాగితం రాసేది ఆఫీసు వాళ్లు. మనవాళ్ల పని చూపించిన చోట వేలు పెట్టడం. సిరా అంటిన బొటనవేలు తలకు రాసుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లు. అందులో ఏం రాశారని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడగొచ్చని కూడా చాలామందికి తెలియదు.

మార్పు నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం గట్టిగా నడిచింది. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్లు రాత్రి బడిలో పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాయి ఆడవాళ్ల బతుకుని ఏం చేస్తుందో చెప్పే పాఠం అది. చదివినవాళ్లకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇంటి సంగతే అనిపించింది. దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారాయి దుకాణం మూయించారు. 1992లో ఆ గాలి జిల్లా అంతా వీచింది, వేలంపాటలు ఆగిపోయాయి, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది.

ఇంతవరకూ మనం సభల్లో వింటూనే ఉన్నాం. దాని పక్కనే ఇంకో పని జరిగింది, దాన్ని సభల్లో అంతగా చెప్పుకోరు. సారాయికి పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని ఆ ఆడవాళ్లు అనుకున్నారు. పొదుపు లక్ష్మి సంఘాలు అట్లా పుట్టాయి. రూపాయి దాచడం తేలికే. పదిహేను మంది రూపాయలు ఒకచోట చేరాక, ఎవరిది ఎంత అన్నది రాయాలి. అక్కడే చిక్కొచ్చింది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు సంతకానికి చాలాయి, లెక్క పుస్తకానికి చాలలేదు.

అందుకని రాత పని పక్కవాళ్లకు పోయింది. ప్రెసిడెంటు కొడుకు, రెండో లీడరు మొగుడు, కొట్టాయన, బడి పంతులు, ఎవరు దొరికితే వాళ్లు. ఏ పాత సంఘంలోనైనా ట్రంకుపెట్టె అడుగున ఉన్న మొదటి పుస్తకం తీసి చూడండి. చాలాచోట్ల మగవాళ్ల దస్తూరీయే కనపడుతుంది. వాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే రాశారు, కాదనను. కానీ రాసే మనిషి పొలానికి పోతే ఆ వారం మీటింగు లేదు. బాకీ ఎంతుందని అడగాలంటే ఆయన తీరిక చూసుకుని ఇంటికి పోవాలి. డబ్బు మనది, లెక్క ఆయనది అయి కూర్చుంది.

ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోదే. ఆస్తి లేని ఆడవాళ్ల గుంపుకి, రిజిస్ట్రేషన్ కూడా లేని గుంపుకి బ్యాంకు అప్పివ్వడమన్నది అంతకుముందు ఊహకు రాని మాట. 1992లో నాబార్డు దేశంలో 500 సంఘాలతో దాన్ని చేసి చూడాలనుకుంది. తాకట్టు అక్కర్లేదు. ఆరు నెలలు పొదుపు చేసి, తమలో తాము అప్పులిచ్చుకుని, తిరిగి కట్టించుకుని ఉండాలి. బ్యాంకు మేనేజరు చూసేదల్లా ఆ పుస్తకమే. పొలం పాసుపుస్తకం లేనిచోట సంఘం లెక్క పుస్తకమే హామీ పత్రం అయ్యింది. పుస్తకం రాయడమంటే కాగితాలు నింపడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

పుస్తకం మన చేతికి

1995 తర్వాత పని తీరు మారింది. ఆ ఏడాది పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. సంఘాలు కలిసి సమాఖ్యగా రిజిస్టరు కావడానికి, తమ డబ్బుని తామే నడుపుకోవడానికి దారి దొరికింది. ఆ రోజుల్లోనే ఐక్యరాజ్యసమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఒక కార్యక్రమం నడిచింది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్య పేరు అప్పుడే పైకొచ్చింది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, పుట్టింది. వెలుగు పథకం ముందు ఆరు జిల్లాల్లో, తర్వాత మిగతా చోట్లకూ వచ్చింది. పేర్లు మారుతూ పోయాయి. మన విషయానికి ముఖ్యమైంది ఒకటే: రాసే మనిషి సంఘంలోంచి, లేదా ఆ ఊరి ఆడపిల్లల్లోంచి రావాలన్న పట్టుదల.

ఆ శిక్షణలు ఎట్లా జరిగాయో పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు. బల్లలు, కుర్చీలు, బోర్డు ఉన్న క్లాసులో ఒక్కరికీ ఏమీ ఎక్కలేదు. నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని, ఒకామె లీడరుగా, ఒకామె అప్పు అడిగే సభ్యురాలిగా, ఒకామె కిస్తీ ఎగ్గొట్టిన ఆమెగా నటించి, ఉత్తుత్తి మీటింగు పెట్టుకుంటే ఎక్కింది. గింజలు రూపాయలయ్యాయి. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు-అప్పుల లెడ్జరు, సభ్యుల పాసుపుస్తకాలు, ఒకే లావాదేవీ ఏయే పుస్తకాల్లో ఎక్కడెక్కడ పడుతుందో చేత్తో రాస్తేగానీ బోధపడదు. మొదటి నెలలో కొట్టివేతలే ఎక్కువ. ఆ కొట్టివేతల్ని చూసి నవ్వినచోట రాసే మనిషి మళ్లీ రాలేదు. పక్కన కూర్చుని దిద్దిన చోట నిలబడింది.

లెక్క తెలియడం వల్ల ఏమొచ్చిందో ఒక ఉదాహరణ చెప్తాను. ఇది మన మీటింగుల్లో ఇప్పటికీ చెప్పుకోవాల్సిన లెక్క. పదివేలు అప్పు, నూటికి రూపాయి వడ్డీ, పన్నెండు నెలల్లో తీర్చాలి. వడ్డీ వ్యాపారి ఏమంటాడు? నెలకు వంద వడ్డీ, ఏడాదికి 1,200. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నెల నెలా అసలు కట్టుకుంటూ పోతున్నప్పుడు ఆరో నెల దాటేసరికి సగం అసలు తీరిపోయింది కదా, తీరిపోయిన అసలుకు వడ్డీ ఎందుకు కట్టాలి? మిగిలిన బాకీ మీదే వడ్డీ వేస్తే మొదటి నెల 100, చివరి నెల ఎనిమిది రూపాయల చిల్లర. అంతా కలిపితే 650. అదే రూపాయి వడ్డీ, అదే పదివేలు, తేడా 550 రూపాయలు. ఈ తేడా కాగితం మీద వేసి చూపించగలిగిన మనిషి ఇక అప్పు ఇచ్చేవాడి ముందు తల వంచుకుని కూర్చోదు.

2010 నాటికి ఈ లెక్క ఎంత అవసరమో అందరికీ తెలిసొచ్చింది. మైక్రోఫైనాన్సు కంపెనీలు ఊరూరా వచ్చి వారం వారం కిస్తీల అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దానికి మరొకటి. ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ అప్పుల్లో కార్డు కంపెనీ ఏజెంటుది, లెక్క కంపెనీ కంప్యూటరుది, తీసుకున్న ఆమె దగ్గర ఉన్నది వారం వారం కట్టాల్సిన మొత్తం ఒక్కటే. మళ్లీ పాత రోజుల్లాగే అయ్యింది. డబ్బు మన బతుకుది, లెక్క ఎవరిదో.

కెమెరా పట్టిన చేతులు

పుస్తకాల సంగతి కాసేపు పక్కన పెట్టి జహీరాబాద్ వైపు పోదాం. మిషను ముందు జంకు ఎట్లా పోతుందన్నది అక్కడి ఆడవాళ్లు మనకంటే ముందే చూశారు.

అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల మెట్ట భూమి ఉన్న రైతులు. కొర్ర, జొన్న, కంది కలిపి విత్తుకునే వాళ్లు. 1990ల్లో వాళ్లలో కొందరు వీడియో కెమెరా నేర్చుకున్నారు. అందరూ చదువుకున్నవాళ్లు కాదు. కెమెరా మీద రాసినవన్నీ ఇంగ్లీషు. నేర్పే పుస్తకాలున్నా చదవలేరు.

వాళ్లేం చేశారంటే, కెమెరా పనికి తమ మాటలు పెట్టుకున్నారు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ చూపు, దొర ఎత్తుమీద నిలబడి కూలివాళ్లని చూసినట్టు. కిందినుంచి పైకి చూస్తే అది జీతగాళ్ల చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెడితే సంఘం షాటు. సంఘంలో అందరం ఒకే చాప మీద కూర్చుంటాం కాబట్టి. సినిమా వాళ్ల చదువులో ఈ మూడింటికీ మూడు ఇంగ్లీషు పేర్లున్నాయి. ఆ పేర్లు బట్టీపడితే పరీక్ష రాయొచ్చు. ఈ పేర్లు తెలిస్తే మాత్రం ఏ మనిషిని ఎక్కడినుంచి చూపిస్తే ఏమవుతుందో కూడా తెలుస్తుంది. నన్నడిగితే ఇంగ్లీషు పేర్లకంటే వీళ్లు పెట్టినవే ఎక్కువ చెప్తాయి.

వాళ్లు తీసిన సినిమాల్లో ఒకటి వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల మీద. రైతుల దగ్గర కూర్చుని సీజను తర్వాత సీజను తీసింది. అది బయటి దేశాల్లో కూడా ఆడింది. వాళ్లకే మాచనూరులో రేడియో స్టేషను ఉంది, సంఘం రేడియో. దాని కథ ఓపిక కథ. యునెస్కో సాయంతో 1998లోనే స్టూడియో కట్టుకున్నారు గానీ లైసెన్సు రాలేదు. అప్పట్లో పల్లె సంఘాలకు రేడియో నడిపే అనుమతి ఇచ్చే విధానమే లేదు. పదేళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో ప్రభుత్వ విధానం మారింది. 2008 అక్టోబర్ 15న స్టేషను గాలిలోకి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టులో తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి ప్రారంభించారు. స్టేషను నడిపింది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. లైసెన్సు వచ్చిన రోజు వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. పదేళ్లుగా చేస్తున్న పనే.

ముల్కనూరు మహిళా డెయిరీ గురించి కూడా ఒక మాట. అప్పటి కరీంనగర్ జిల్లాలో 2000లో మొదలైంది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు, బోర్డులో అందరూ ఆడవాళ్లే. పాల వ్యాపారంలో ధర నిర్ణయించేది వెన్న శాతం. ఆ శాతం చూసే మిషను ఎవరి చేతిలో ఉంటే ధర వాళ్ల చేతిలో ఉన్నట్టే. అక్కడ మిషనూ, బోర్డు మీటింగూ రెండూ పాలు పోసేవాళ్ల చేతిలో ఉన్నాయి.

పై రాష్ట్రాలకు

మన కథకు వద్దాం. మనవాళ్ల ధైర్యం అన్నిటికంటే ఎక్కువ పెరిగింది పుస్తకం రాసినప్పుడు కాదేమో, ఇంకొకరికి నేర్పినప్పుడేమో అనిపిస్తుంది. 2006-07 ప్రాంతంలో బీహార్‌లో జీవిక అనే కార్యక్రమం మొదలైనప్పుడు అక్కడ సంఘాలు కట్టడానికి మన రాష్ట్రం నుంచి సభ్యుల్ని పిలిచారు. అధికారుల్ని కాదు, సంఘం ఆడవాళ్లని. వాళ్లకు సి.ఆర్.పి. అని పేరు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక ఈ ప్రయాణాలు బాగా పెరిగాయి. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, జమ్మూ కశ్మీర్ దాకా పోయారు. ఒక్కో విడత 45 రోజులు. ఉండేది హోటల్లో కాదు, ఆ ఊళ్లోనే.

ఆ పోయినవాళ్లలో చాలామంది అంతకుముందు జిల్లా దాటనివాళ్లు. హిందీ రాదు. రొట్టె అలవాటు లేదు. చలి అంటే ఏమిటో తెలియదు. ఇంట్లో మొగుణ్ణి, అత్తని ఒప్పించడం వేరే యుద్ధం. అయినా పోయారు. పొద్దున ఊరంతా తిరిగి, ఇంటింటికీ పోయి, ముసుగు తీయడానికే సందేహించే ఆడవాళ్లని ఒకచోట కూర్చోబెట్టారు. భాష సగం సగం వచ్చింది. మిగతాది పుస్తకం చెప్పింది. తమ పాసుపుస్తకం తెరిచి "ఇది నా మొదటి అప్పు, ఇది రెండోది, దీంతో గేదెని కొన్నా, ఇదిగో ఇక్కడ తీరిపోయింది" అని వేలు పెట్టి చూపించారు. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా. మన ఊళ్లో "ఫలానా వాళ్ల కోడలు" అని పిలిపించుకున్నామెని అక్కడ "దీదీ" అన్నారు. తిరిగొచ్చాక ఆమె బ్యాంకులో నిలబడే తీరే మారిపోయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, వాళ్లకు ఆ పని ఇచ్చింది ఏదో పట్టా చూసి కాదు. పదేళ్లు సంఘంలో ఉండి, అప్పు తీసుకుని, తీర్చి, ఇతరులతో తీర్పించిన అనుభవం చూసి. పని తెలిసిన మనిషి అని ఒకరు గుర్తించడం, ఆ గుర్తింపుతోపాటు పని అప్పగించడం, రెండూ కలిసే జరిగాయి. ఉత్త పొగడ్తలతో ఎవరూ బీహార్ రైలెక్కరు.

ఫోను, మళ్లీ వేలిముద్ర, ఇప్పుడు యాప్

2011లో స్త్రీనిధి వచ్చింది. ఫోనులో నంబర్లు నొక్కి అప్పుకు దరఖాస్తు చేయడం, 48 గంటల్లో డబ్బు ఖాతాలో పడడం. మొదట్లో "నొక్కితే లెక్కంతా పోద్దేమో అక్కా" అని ఫోను పక్కనామె చేతిలో పెట్టినవాళ్లు ఎంతమందో. ఏడాది తిరక్కుండా వాళ్లే నొక్కారు. ఎవరూ దీన్ని పెద్ద విజయంగా రాయలేదు, మామూలైపోయింది.

నాకు నవ్వొచ్చే విషయం ఇంకోటుంది. వేలిముద్ర వదిలించుకుని సంతకం నేర్చుకోడానికి ఒక తరం అంత కష్టపడిందా, ఆధార్ మిషను వచ్చి మళ్లీ వేలే అడుగుతోంది. అది కూడా నాట్లు వేసి, అంట్లు తోమి, గీతలు అరిగిపోయిన వేలు. మిషను గుర్తుపట్టదు. బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బిచ్చే పని చేస్తున్న మన సభ్యులు ఇప్పుడు దాదాపు ప్రతి మండలంలో ఉన్నారు. ముసలామె వేలు తుడిచి, కొద్దిగా తడి చేసి, ఇంకో వేలు పెట్టించి, ఓపిగ్గా పింఛను డబ్బు చేతిలో పెట్టేది వాళ్లే. కరపత్రంలో దీన్ని డిజిటల్ సేవ అంటారు. చేసేవాళ్లకు అది ఎదురుగా ఉన్న అవ్వకు ఆ పూట చేయాల్సిన పని. 2023లో కేంద్రం ప్రకటించిన డ్రోన్ దీదీ పథకంలో సంఘాలకు 15,000 డ్రోన్లన్నారు. దానికి పదిహేను రోజుల శిక్షణ, అందులో అయిదు రోజులు ఎగరేయడం, పది రోజులు పొలం పని. ఎగరేయడంకంటే పొలం పనికే రెట్టింపు రోజులు పెట్టారు చూడండి. మందు ఎంత కలపాలో, గాలి ఎటుందో, పక్క చేను ఎవరిదో తెలిసినామె చేతిలోనే రిమోటు పనికొస్తుంది.

ఇక యాప్. జాతీయ మిషన్ తెచ్చిన లోకోస్‌లో సంఘం లావాదేవీలన్నీ ఎక్కించాలి. సిగ్నల్ లేనిచోట ఎక్కించి, ఉన్నచోటికి వచ్చి పంపొచ్చు. అన్నిటికంటే కష్టమైంది మొదటి మెట్టు, కటాఫ్. అంటే ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజుకి ఒక్కో సభ్యురాలి పొదుపు నిల్వ ఎంత, అప్పు బాకీ ఎంత, చేతిలో నగదు ఎంత, బ్యాంకులో ఎంత అని తేల్చి యాప్‌లో పెట్టాలి. తర్వాత జరిగేదంతా ఆ అంకెల మీదే నిలబడుతుంది. అక్కడ వెయ్యి తప్పు పడితే ఆ వెయ్యి సభ్యురాలి బాకీగా ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

టకటకా కొట్టే పిల్లల గురించి మొదట్లో ఒక మాట వచ్చింది కదా. వాళ్లు ఎక్కించడంలో దిట్టలే. ఎక్కించాల్సిన అంకె ఏదో వాళ్లకు ఎట్లా తెలుస్తుంది? ఒక సంఘంలో ఒకామె పదకొండో కిస్తీ కట్టింది, పాసుపుస్తకంలో పడింది, లెడ్జరులో పడలేదనుకుందాం. ఆ రోజు వాన పడి మీటింగు మధ్యలో లేచిపోయారని, మర్నాడు డబ్బు బ్యాంకులో కట్టారని పాత బుక్‌కీపరు ఒక్కామెకే గుర్తు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఏ తేదీ వెతకాలో ఆమే చెప్పాలి. ఆమె "మాతో పనేముంది" అని ఇంట్లో కూర్చుంటే ఆ కిస్తీ రెండోసారి కట్టాల్సి వస్తుంది. ఎవరు కడతారు? ఆ సభ్యురాలే.

కొన్ని గ్రామ సంఘాల్లో దీనికి ఒక పద్ధతి కుదిరింది. చాప మీద పాత బుక్‌కీపరు, ట్యాబ్ పట్టుకున్న పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. పెద్దామె పుస్తకంలోంచి చదువుతుంది, పిల్ల కొడుతుంది. పంపించే ముందు పిల్ల తెర మీద ఉన్నది పైకి చదువుతుంది, సభ్యులు తమ పాసుపుస్తకాలు తెరిచి వింటారు. తేడా వస్తే అక్కడికక్కడే ఆపుతారు. రెండు నెలలు పోయాక జాగాలు మార్చుకుంటారు. పెద్దామె కొడుతుంది, పిల్ల పుస్తకం చదువుతుంది. పెద్దామె కొట్టడం నెమ్మదే, గంట పట్టే పని రెండు గంటలు పడుతుంది. మీటింగు ఆలస్యమైందని గొణిగేవాళ్లు ఉంటారు, బర్రెల వేళయిందని లేచిపోయేవాళ్లు ఉంటారు. జాగాలు మార్చుకోని చోట మాత్రం యాప్ ఒక్క మనిషి చేతిలో ఉండిపోయింది. ఆ పిల్లకు పెళ్లయి వేరే ఊరు పోతే పాస్‌వర్డు కూడా ఆమెతోనే పోతుంది. మొదటి పుస్తకంలో ప్రెసిడెంటు కొడుకు దస్తూరీ ఎందుకుందో, ఇదీ అందుకే.

ఈ పని చేసేవాళ్లకు ఇచ్చేదాని గురించి కూడా రాయాలి. పుస్తకం రోజుల్లో పెన్నూ కాగితం ఖర్చు సంఘం ఖాతాలోంచే పోయేది, ఎవరూ అడగలేదు. ఇప్పుడు డేటా కావాలి. ట్యాబ్ పగిలితే బాగుచేయించాలి. పాత మీటింగుకి ఒక పూట పోతే ఇప్పుడు రెండు పూటలు పోతున్నాయి, ఆ రోజు కూలి పోయినట్టే. వీఓఏలు గౌరవ వేతనం కోసం ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు, రోడ్డు మీదికి కూడా వచ్చారు. పని తెలిసినామెని పెద్దగా గౌరవిస్తున్నాం అని వేదిక మీద శాలువా కప్పి, రీచార్జి డబ్బులు ఆమె సొంత సంచిలోంచి పెట్టించడం సబబు కాదు. పుస్తకం, ట్యాబ్ రెండూ సాగుతున్న ఈ ఏడాది రెండేళ్లు ఇద్దరికీ మీటింగుకింత అని ఇవ్వాలా, ఇస్తే గ్రామ సంఘం వడ్డీ ఆదాయంలోంచి ఎంత తీయాలి, రీచార్జి ఎవరి ఖాతా అన్న మూడు విషయాలు వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో చేర్చాం. వచ్చేటప్పుడు మీ సంఘం తీర్మానాల పుస్తకం తెచ్చుకోండి.